సంక్రాంతికి వారం పైగా ఇంటికి తాళం: తలుపు, మేడ, కెమెరాలు, బీరువా ఎలా చూసుకోవాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పండక్కి ఇంటిల్లిపాదీ కోనసీమ వెళ్తున్నాం. ఎనిమిది రాత్రులు ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఇల్లు హైదరాబాద్‌లో. విడి ఇల్లు, కింద మేముంటాం, పైన అద్దెకున్నవాళ్లు. వాళ్లూ అదే వారం ఊరెళ్తున్నారు కాబట్టి రెండు వాటాలూ మూసే ఉంటాయి.

వీధి తలుపు పాతకాలం టేకు తలుపు, రెండు రెక్కలది. బయట ఆల్‌డ్రాప్ (అడ్డంగా జరిపే కడ్డీ గడియ) వేసి 65 మిల్లీమీటర్ల తాళం కప్ప పెడతాం. మేడ మీద మెట్లగదికి పీవీసీ తలుపు ఉంది. పక్కింటి పిట్టగోడకీ మా పిట్టగోడకీ మధ్య నాలుగడుగుల సందు. వెనకవైపు బాత్రూం వెంటిలేటరుకు అద్దం పలకలు మాత్రమే ఉన్నాయి, ఇనుప చట్రం లేదు. బంగారం స్టీలు బీరువాలో ఉంటుంది.

రెండు కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నాను. మొత్తం మీద 15 వేల వరకు ఖర్చు పెట్టగలను. తాళం కప్ప మార్చి ఇంకా పెద్దది కొనమని షాపులో అన్నారు. అది సరిపోతుందా? డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? నగలు వెంట తీసుకెళ్లడమా, ఇక్కడే ఉంచడమా?

సవరణ: గుమ్మంగడియ గారు చెప్పాక తేదీలు, కాలనీ పేరు, బంగారం ఎంతుందో రాసిన వాక్యం తీసేశాను.

గుమ్మంగడియ

మొదటి మాట. ఏ రోజు వెళ్తున్నారో, ఏ కాలనీయో, ఎన్ని కాసులుందో ముగ్గురు చదివే చోట కూడా రాయకూడదు. వెంటనే తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఇక తాళం సంగతి. పెద్ద కప్ప కొనకండి. మీరు చెప్పిన తలుపులో అన్నిటికన్నా గట్టి వస్తువు ఆ కప్పే. దొంగ కప్ప జోలికి పోడు. ఆల్‌డ్రాప్ పట్టీ కింద రాడ్డు దూర్చి పైకి ఎత్తుతాడు. పట్టీని పట్టి ఉంచేవి అంగుళం స్క్రూలు. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ కర్ర వదులై ఉంటుంది కాబట్టి నాలుగూ ఒకేసారి ఊడి వస్తాయి. దొంగలు పడ్డ ఇళ్లలో చాలాసార్లు కప్ప వేసింది వేసినట్టే ఊడిన పట్టీకి వేలాడుతూ కనిపిస్తుంది. కారణం ఇదే.

చేయాల్సింది: ఆల్‌డ్రాప్‌కీ, రెండో రెక్క మీద దాని కడ్డీ దూరే క్లాంపుకీ స్క్రూలన్నీ తీయించండి. ఆ తూట్లను తలుపు అవతలికి వెళ్లేలా డ్రిల్ చేయించి 8 మిల్లీమీటర్ల క్యారేజ్ బోల్టులు వేయించండి. గుండ్రటి నున్నని తల బయటికి ఉండాలి, దాన్ని స్పానర్‌తో పట్టడం కుదరదు. నట్టు లోపలికి రావాలి. లోపల వైపు నట్టు కింద ఒక్క వాషరే వేస్తే చాలదు. మూడు మిల్లీమీటర్ల ఇనుప పట్టీని నాలుగు బోల్టులకీ కలిపి వేయాలి. లేకపోతే గట్టిగా లాగినప్పుడు నట్టు కర్రలోంచే దూసుకొస్తుంది. ఒకటిన్నర అంగుళాల మందం తలుపుకి రెండున్నర అంగుళాల బోల్టు సరిపోతుంది. వడ్రంగికి సగం పూట పని.

రెండు రెక్కల తలుపుకి ఇంకో జబ్బుంది. దాని గురించి ఎవరూ చెప్పరు. మనం రోజూ తెరవని రెక్క పైనా కిందా టవర్ బోల్టులతో (నిలువు గడియలతో) నిలబడుతుంది. కింది బోల్టు దిగే రంధ్రంలో గడపకు రాసిన పసుపు, ఎన్నేళ్లదో రంగు, మట్టి పేరుకుపోయి కడ్డీ అర అంగుళం కూడా దిగదు. బయట ఎంత మంచి తాళం ఉన్నా, రెండు రెక్కల్నీ కలిపి భుజంతో నెడితే తలుపు తెరుచుకుంటుంది. రంధ్రాన్ని డ్రిల్‌తో శుభ్రం చేయించి కనీసం అంగుళం దిగేలా చూడండి. పై బోల్టు ద్వారబంధం కర్రలోకి వెళ్లాలి, పైన కొట్టిన సన్న బద్దలోకి కాదు.

ఆ తర్వాత, బయటికి కప్ప కనిపించకుండా ఉండే తాళం. వీధిలోంచి చూసేవాడికి కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. తలుపులోనే ఇమిడే మోర్టైజ్ లాక్ గానీ, లోపలివైపు బిగించే మూడు కడ్డీల డోర్ లాక్ గానీ వేయించండి. అందులో జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, తలుపు లాగితే దానంతటదే పడే నాలుకను నమ్ముకుని వెళ్లిపోవడం. ఏటవాలుగా ఉండే ఆ నాలుక వెనక్కి జారుతుంది. తాళంచెవితో అసలు కడ్డీని బయటికి తేవాలి. రెండు, ఒక్క చుట్టే తిప్పడం. చాలా లాకుల్లో రెండో చుట్టుకే కడ్డీ పూర్తిగా వస్తుంది. మూడు, కడ్డీ దూరే ప్లేటును లాకుతో పాటు వచ్చిన పొట్టి స్క్రూలతోనే బిగించడం. అక్కడ మూడు అంగుళాల స్క్రూలు వాడాలి. మీది రెండు రెక్కల తలుపు కాబట్టి ఆ ప్లేటు రెండో రెక్కలో కూర్చుంటుంది. అందుకే రెండో రెక్క బోల్టుల పని ముందు కావాలని అంటున్నాను.

మేడ తలుపు: పీవీసీ తలుపు వాన ఆపడానికి, దొంగను కాదు. పండగలోపు ఇనుప తలుపు చేయించే టైము లేకపోతే అడ్డగడియ పెట్టించండి. మన పాత మండువా ఇళ్లలో ఉండే అడ్డకర్ర లాంటిదే. తలుపుకి రెండు పక్కలా గోడకి ఎల్ ఆకారం ఇనుప క్లీట్లు, వాటి మీద 40 మిల్లీమీటర్ల చదరపు పైపు. యాంకర్ బోల్టు 10 మిల్లీమీటర్లది, ఇటుకలోకి మూడు అంగుళాలు దిగాలి. ప్లాస్టరు మందమే ముప్పావు అంగుళం ఉంటుంది. పొట్టి ప్లగ్గులు ప్లాస్టరులోనే ఆగిపోయి ఒక్క తన్నుకి ఊడొస్తాయి. ఇదంతా తలుపు మెట్లవైపు లోపలికి తెరుచుకుంటేనే. మేడవైపు బయటికి తెరుచుకునేదైతే పైపును తలుపుకే కొక్కెం బోల్టులతో కట్టాలి. పైగా మడతబందుల పిన్నులు బయటే ఉంటాయి, వాటిని తట్టి తీసేస్తే తలుపు మొత్తం ఊడుతుంది. పిన్ను కొసకు ఒక చుక్క వెల్డింగు వేయిస్తే సరి.

వెంటిలేటరు: ఆ అద్దం పలకలు అల్యూమినియం క్లిప్పుల్లో నిలబడి ఉంటాయి. క్లిప్పు వంచి ఒక్కో పలకా చప్పుడు లేకుండా తీసి కింద పెట్టేస్తారు. 12 మిల్లీమీటర్ల కడ్డీలతో, కడ్డీకీ కడ్డీకీ నాలుగు అంగుళాలు మించకుండా గ్రిల్లు చేయించి గోడలోకి బిగించండి, చెక్క చట్రానికి కాదు. మిగతా కిటికీలకు ఉన్న గ్రిల్లు స్క్రూలు బయటివైపు ఉన్నాయేమో కూడా ఓసారి చుట్టూ తిరిగి చూడండి. ఉంటే ప్రతి గ్రిల్లుకీ రెండు మూడు స్క్రూల తలల మీద వెల్డింగు పెట్టించండి, ఇక స్క్రూడ్రైవర్ పట్టదు.

వంటింటికిటికీ

గుమ్మంగడియ గారు చెప్పింది పాటిస్తూనే ఒక జాగ్రత్త. దొంగ భయంతో ఇంటిని బోనులా చేసుకోవద్దు. రాత్రి షార్ట్ సర్క్యూట్ అయి పొగ కమ్మితే లోపలివాళ్లు బయటపడే దారి ఉండాలి. వీధి తలుపు కాకుండా పడకగదుల్లో ఒక కిటికీకైనా లోపలినుంచి తాళం తీసి తెరిచే గ్రిల్లు పెట్టించండి. ఆ తాళంచెవి కిటికీకి అందేంత దూరంలో మేకుకు వేలాడాలి, కానీ బయటినుంచి చెయ్యి పెడితే అందకూడదు. లోపలినుంచి కూడా తాళంచెవితోనే తెరవాల్సిన లాకు కొంటే, ఇంట్లో ఉన్నంతసేపూ చెవి ఎక్కడుంటుందో పిల్లలతో సహా అందరికీ తెలియాలి.

తీగలపని

అన్నా, కెమెరాల సంగతి నేను చెప్త.

రెండు కెమెరాలంటె ఒకటి గేటు మీదికి, ఇంకోటి మేడ మెట్లకాడికి పెట్టున్రి. మేడ పైనుంచి వచ్చేటోడు గేటు కెమెరాల అస్సలు కనపడడు. మస్తుమంది రెండు కెమెరాలు ముంగటనే పెట్టి వెనక ఇడిసిపెడ్తరు.

ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు చాలు. పన్నెండు అడుగుల మీద పెడితె టోపీ, నెత్తి కనపడ్తది గని మొఖం కనపడదు. లెన్సు గూడ చూసుకోవాలె. ముక్కు మొఖం తెల్వనోన్ని ఫుటేజిల గుర్తువట్టాలంటె మీటరుకు 250 పిక్సెళ్లు పడాలె. 2 మెగాపిక్సెల్ కెమెరాల అడ్డంగ 1920 పిక్సెళ్లు ఉంటయి. 2.8 మిల్లీమీటర్ల లెన్సుతోని ఇది సుమారు పది అడుగుల దాకనే కుదుర్తది. 6 మిల్లీమీటర్ల లెన్సుకైతె దగ్గర దగ్గర పాతిక అడుగులు. షాపోడు వాకిలంత కనపడ్తదని 2.8 పెడ్తడు. కనపడుడు వేరు, గుర్తువట్టుడు వేరు. గేటు ఇరవై అడుగుల దూరం ఉంటె 6 అడుగున్రి. మెట్లకాడ ఇరుకుంటది గనక అక్కడ 2.8 సరిపోతది.

హార్డ్ డిస్క్ లెక్క: ఒక్క కెమెరా 2 ఎంబీపీఎస్ మీద రికార్డు చేస్తె రోజుకు 21.6 జీబీ. రెంటికి 43 జీబీ. 500 జీబీ డిస్కుల పదకొండు రోజులు, 1 టీబీల ఇరవై రెండు, ఇరవై మూడు రోజులు నిల్వ ఉంటది. ఎనిమిది రోజులు పోతున్నరు గనక 500 చాలు అనిపిస్తది. గని వచ్చినంక రెండు మూడు రోజులకు తెలిసే దొంగతనాలు గూడ ఉంటయి, 1 టీబీ తీసుకోవాలె. మోషన్ రికార్డింగు కాదు, ఇరవై నాలుగు గంటల రికార్డింగు పెట్టున్రి. మోషన్ల పిల్లి పోతె రికార్డయితది, చీకట్ల మెల్లగ నడిచెటోడు ఒక్కోసారి కాడు.

ఇప్పుడు అసలు ముచ్చట. డీవీఆర్‌ని, అంటె కెమెరాల రికార్డు డబ్బాని, టీవీ కింద పెట్టకున్రి. లోపలికి వచ్చినోడు మొదాలు ఎత్తుకపోయేది అదే. అటక మీద సామాన్ల ఎనక, లేకుంటె గోడ అల్మారల తాళమేసి పెట్టున్రి. గాలి ఆడాలె, పూర్తిగ మూస్తె డిస్కు వేడెక్కి పోతది. కెమెరాల మెమొరీ కార్డు పెట్టే సౌలతు ఉన్నదైతె ఇంకా మంచిది, డీవీఆర్ పోయినా కెమెరాల మిగుల్తది.

ఊరికి పోయేటప్పుడు మెయిన్ స్విచ్ బంద్ చేసుడు మనోళ్లకు అలవాటు. మెయిన్ బంద్ చేస్తె డీవీఆర్, వైఫై రూటరు ఇన్వర్టర్ మీద ఒక రోజో ఒకటిన్నర రోజో నడిచి ఆగిపోతయి. గీజరు, ఏసీ, మోటరు ఎంసీబీలు (కరెంటు బోర్డుల చిన్న స్విచ్చులు) ఒక్కొక్కటి కిందికి చేసి, కెమెరా లైను ఒక్కటి ఉంచున్రి. డీవీఆర్, రూటరు, ఇంటర్నెట్ డబ్బా ఉన్న ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ల ఉన్నదో లేదో ముందే మెయిన్ తీసి చూడున్రి. మీటరు బోర్డు బయటుంటె ఎవడైనా ఫ్యూజు పీకొచ్చు, ఇన్వర్టర్ అందుకోసమే.

డీవీఆర్ల తారీఖు, టైము సరిచేయున్రి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన డీవీఆర్ కరెంటు పోయి వస్తె పాత సంవత్సరాలకు పోతది, ఫుటేజి ఏ రోజుదో చెప్పరాదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చున్రి. పోయే ముందు రాత్రి లైట్లు ఆర్పి గేటు కాడ మనిషిని నిలబెట్టి ఫోన్ల మొఖం గుర్తువడ్తున్నదా చూడున్రి. కెమెరా ముంగట సాలెగూడు ఉంటె రాత్రి తెల్లగ మెరిసి ఏం కనపడదు, తుడవాలె.

ఇంకోటి. అర్ధరాత్రి ఫోన్ల అలర్ట్ వస్తది, మీరు కోనసీమల ఉంటరు. అక్కడికెళ్లి పోలీసులకు 112 కొడితె ఆంధ్ర కంట్రోల్ రూమ్‌కు పోతది, హైదరాబాద్‌కు కాదు. ఆళ్లు ఈళ్లకు చెప్పేసరికి టైము పోతది. మీ ఏరియా పోలీస్ స్టేషన్ నంబరు, పక్కింటోళ్లవి రెండు నంబర్లు ఫోన్ల వేసుకోని పోవాలె. పక్కింటాయనను ఒక్కన్నే ఇంట్లకు పోయి చూడమని చెప్పకున్రి. లైట్లు ఎయ్యమని, ఇంట్ల నుంచే అరవమని, 112 ఆయన్ని కొట్టమని చెప్పున్రి. ఆయన కొడితె అది సీదా ఇక్కడికే పోతది.

ముంగిలి

పండగ నెలలో ఇల్లు ఖాళీ అని చెప్పేది ముందుగా వాకిలి. ధనుర్మాసమంతా వీధిలో ప్రతి ఇంటి ముందూ కళ్లాపి చల్లి ముగ్గు ఉంటుంది. మూడు రోజులు పాత ముగ్గే చెరిగిపోయి ఉన్న వాకిలి, గొబ్బెమ్మలు లేని వాకిలి ఒక్కటే ఉంటే అది దూరానికే తెలిసిపోతుంది. ఎదురింటి వాళ్లనో, పనమ్మాయినో రోజూ పొద్దున్నే నీళ్లు చల్లి నాలుగు గీతలైనా పెట్టమని అడగండి. ఆ వారానికి ఆమెకు విడిగా డబ్బివ్వండి. ఊరికే చేయమనడం బాగోదు, ఊరికే అడిగిన పని మూడో రోజుకి ఆగిపోతుంది కూడా.

పాలు, పేపరు, నీళ్ల క్యాను వారం ఆపించండి. యాప్‌లో పెట్టుకున్న రోజువారీ డెలివరీలు ఆపడం చాలామంది మరిచిపోతారు, గేటుకు తగిలించిన సంచీలో ప్యాకెట్లు పేరుకుంటాయి. గేటు సందులో దోపిన కరపత్రాలు ఎవరో ఒకరు తీసేయాలి. గేటుకు తాళం బయటినుంచి కాకుండా, సందులోంచి చెయ్యి పెట్టి లోపలివైపు వేయండి. ఇంట్లో ఉన్నప్పుడు కూడా అలాగే వేసే అలవాటు చేసుకుంటే తేడా తెలియదు. గుమ్మం బయట రెండు జతల పాత చెప్పులు ఉండనివ్వండి.

లైట్ల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. వరండా లైటు వేసి వెళ్లిపోతారు. పగలు పన్నెండింటికి కూడా వెలుగుతూ ఉంటే ఎవరూ లేరని అదే చెబుతుంది. బయట చీకటి పడితే వెలిగి తెల్లవారితే ఆరే సెన్సర్ బల్బు పెట్టండి. లోపల హాల్లో టైమరు: సాయంత్రం ఆరున్నర నుంచి పదింపావు దాకా. పడకగదిలో ఇంకోటి: పది నుంచి పదకొండు దాకా. చుట్టూ పళ్లుండే టైమరు ప్లగ్గులో ఒక్కో పన్ను పావుగంట. కరెంటు పోతే ఆ చక్రం ఆగిపోతుంది, గంట పోతే అన్నీ గంట ఆలస్యమవుతాయి. వారానికి రెండు మూడు గంటలు జరిగినా కొంప మునగదు, కానీ వాటిని ఇన్వర్టర్ లైనులో పెడితే ఆ బాధ ఉండదు. వైఫై ప్లగ్గు అయితే, కరెంటు పోయి వచ్చాక అది పాత స్థితికి వస్తుందో లేదో సెట్టింగులో చూసుకోండి.

తాళంచెవి తులసికోటలో, మీటరు పెట్టెలో, చెప్పుల స్టాండులో, పూలకుండీ కింద పెట్టొద్దు. చూసేవాడు మొదట చూసేవి ఆ నాలుగే. రెండో చెవి నమ్మకమున్న ఒక ఇంట్లో ఇవ్వండి, దానికి పేరూ ఇంటి నంబరూ రాసిన చీటీ కట్టకుండా. పిల్లలు రైల్లోంచి స్టేటస్ పెట్టకుండా ముందే కూర్చోబెట్టి చెప్పండి. ఫొటోలన్నీ తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

గోదారిగట్టు

చాలా ధన్యవాదాలు అందరికీ. బీరువా గురించి ఒక సందేహం. తాళం వేసి వెళ్లాలా, తీసి ఉంచాలా? తీసి ఉంచితే కనీసం బీరువా పాడవదని ఒకరన్నారు. ఇంకా నగలు బస్సులో వెంట తీసుకెళ్లాలంటే భయంగా ఉంది. పోలీస్ స్టేషన్‌లో చెప్తే నిజంగా వస్తారా?

బీటుబుక్కు

మూడింటికీ వరసగా చెప్తాను.

బీరువా సన్న రేకు. గడ్డపార కొస దూరితే తలుపు కాగితంలా మడతపడుతుంది. అది దుమ్ము తగలకుండా బట్టలు దాచుకునే వస్తువు, తిజోరీ కాదు. కాబట్టి ముందు బంగారం, డబ్బు, ఇంటి దస్తావేజులు దాంట్లోంచి తీయండి. తీశాక తాళం వేసినా వేయకపోయినా పెద్ద తేడా లేదు. నా అభిప్రాయం అడిగితే ఖాళీ బీరువా తెరిచి ఉంచమనే చెప్తాను. ఒక్క మినహాయింపు ఉంది. ఇంటికి దొంగతనం బీమా ఉంటే పాలసీ చదవండి. నగలకు తాళం వేసిన పెట్టె ఉండాలనే షరతు కొన్నింటిలో ఉంటుంది. చాలా పాలసీల్లో ఇల్లు వరసగా ఇన్ని రోజులు మించి ఖాళీగా ఉంటే ముందే కంపెనీకి తెలపాలని కూడా ఉంటుంది, ఎన్ని రోజులన్నది పాలసీని బట్టి మారుతుంది. మీది ఎనిమిది రోజులే అయినా ఆ గడువు ఎంతో చూసుకోండి, సంవత్సరంలో ఆరు నెలలు పిల్లల దగ్గర అమెరికాలో గడిపేవాళ్లు మరీ తప్పక చూసుకోవాలి.

నగలకి బ్యాంకు లాకరే. ఒంటిమీద పెట్టుకునే రెండు మూడు తప్ప ఊరికి తీసుకెళ్లకండి. సంచీ పెట్టిన బస్సు డిక్కీ దారిలో టీ కోసం ఆపిన ప్రతి చోటా తెరుచుకుంటుంది. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారం, పండగ సెలవులు కలిస్తే లాకరు దొరకదు, ముందు వారమే పెట్టేయండి. లాకరు గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధన ప్రకారం, అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల లాకర్లోవి పోతే బ్యాంకు బాధ్యత సంవత్సరం అద్దెకు వంద రెట్లు. అద్దె 2 వేలైతే 2 లక్షలు. అంతకు మించి విలువ ఉన్న నగలకు విడిగా బీమా తీసుకోవడం మంచిది.

లాకర్లో పెట్టేముందు ఒక జాబితా రాయండి. వస్తువు పేరు, మొత్తం బరువు, రాళ్లు తీసిన బరువు, బిల్లు ఫొటో, వస్తువు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటే అది కూడా. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగలు ఆ నంబరు లేకుండా అమ్మకూడదు, పాత వాటికి ఉండకపోవచ్చు. ఫొటోలో అక్షరాలు చిన్నవిగా పడితే ఫోను కెమెరాను దగ్గరకు జరిపి మాక్రోలో తీయండి. ఈ జాబితా బీరువాలో కాదు, మీ మెయిల్‌లో ఉండాలి. ఫిర్యాదు రాసేటప్పుడు నెక్లెసు ఒకటి, గాజులు నాలుగు అని మాత్రమే రాస్తే, దొరికిన సొత్తులో మీది ఏదో తేల్చడం కష్టమవుతుంది.

ఇక స్టేషన్. ప్రతి సంక్రాంతికీ ఊరెళ్లేవాళ్లు చెప్పి వెళ్లమని పోలీసులే అడుగుతారు. నోటిమాటగా కాకుండా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: చిరునామా, దగ్గర గుర్తు, ఏ రోజునుంచి ఏ రోజుదాకా, ఇంట్లో ఏ లైట్లు ఎప్పుడు వెలుగుతాయి, ఇంటి ముందు ఏ బండి నిలిచి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది, వాళ్ల ఫోను. రాత్రి గస్తీకి వచ్చినవాళ్లకి ఈ వివరాలుంటేనే లెక్కలో లేని లైటునీ కొత్త బండినీ పట్టించుకోగలరు. లేకపోతే వెలుతురు చూసి ఎవరో ఉన్నారులే అనుకుని వెళ్లిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లున్నవాళ్లు తాళం వేసిన ఇళ్ల నిఘాకి పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ గురించి స్టేషన్‌లో అడగండి. పేరు నమోదు చేసుకుని ఊరెళ్లే ముందు కోరితే, పోలీసులే వచ్చి ఇంట్లో కదలికల్ని పట్టే కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు సంకేతం పోతుంది. దానికి డబ్బు తీసుకోరు. పండగకు అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి నాలుగు రోజుల ముందే కోరాలి.

తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. ఎదురింట్లో కూర్చుని 112 కి చెప్పండి. పోలీసులు వచ్చి, వేలిముద్రలు తీసే క్లూస్ టీం పని అయ్యేదాకా బీరువా తలుపు, చిందరవందరగా పడ్డ బట్టలు, వంటింట్లో వాళ్లు తాగిన నీళ్ల గ్లాసు, ఏదీ ముట్టుకోకండి. ఏం పోయాయో చూద్దామని బంధువులంతా లోపల తిరిగితే వేలిముద్రలన్నీ మీవే దొరుకుతాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టం సెక్షన్ 173 ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, బీమాకు అది కావాలి. కెమెరా ఫుటేజిని వాట్సాప్‌లో పంపితే సరిపోదు, అక్కడ నాణ్యత పడిపోతుంది. పెన్‌డ్రైవులోకి అసలు ఫైలు తీసివ్వండి. కోర్టులో దాన్ని సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి, దాని నమూనా దర్యాప్తు అధికారిని అడగండి. అన్నిటికన్నా ముందు డీవీఆర్ రికార్డింగు పాతదాని మీద పడకుండా చూసుకోవాలి.

గోదారిగట్టు

చివరగా ఒక్క ప్రశ్న. పండగలోపు పనివాళ్లు దొరకడమే కష్టం. డబ్బుకీ, టైముకీ అన్నీ కుదరకపోతే ఏ వరసలో చేయించాలి?

గుమ్మంగడియ

ముందు వడ్రంగి, వెల్డింగు మేస్త్రీ. కెమెరాలు ఆఖరున. కెమెరా జరిగింది చూపిస్తుంది, గడియ జరగకుండా ఆపుతుంది.

మొదటి రోజు వడ్రంగి చేత ఆల్‌డ్రాప్ బోల్టులు, రెండో రెక్క టవర్ బోల్టుల రంధ్రాలు. అదే రోజు వెల్డింగు మేస్త్రీకి వెంటిలేటరు కొలతలు, మెట్లగది అడ్డపైపు కొలతలు ఇచ్చేయండి. పండగ ముందు వాళ్లు కనీసం మూడు నాలుగు రోజులు అడుగుతారు. వెంటిలేటరు గ్రిల్లు టైముకి రాదనుకుంటే, ఆ బాత్రూం తలుపుకి హాలువైపునుంచి గడియ వేయించండి. అద్దాలు తీసి దిగినవాడు బాత్రూంలోనే ఆగిపోతాడు. ఇరవై నిమిషాల పని, తాత్కాలికంగా బాగా పనికొస్తుంది. ఆ గడియ కూడా బోల్టు నట్లతోనే, స్క్రూలతో వద్దు. ప్లాస్టిక్ బాత్రూం తలుపైతే రెండు వైపులా పట్టీ పెట్టి బిగించాలి.

కొత్త డోర్ లాక్ మిగిలిన డబ్బుతో. అది పండగ దాటాక అయినా ఫర్వాలేదు. ఈలోగా ఉన్న కప్పే వాడుకోండి, వీధిలోంచి కనపడకుండా గుమ్మానికి కర్టెను జారవిడవండి.

షాపుకి వెళ్లేముందు ఆల్‌డ్రాప్ పట్టీలో తూటు వెడల్పు కొలుచుకోండి. పాతవాటిలో 6 మిల్లీమీటర్లే ఉంటుంది, 8 బోల్టు దూరదు. అలాంటప్పుడు పట్టీ తూటును పెద్దది చేయించండి, బోల్టును చిన్నది చేయకండి.